త్రినాథరావుగారి సర్వీసు రిజిస్టరు

మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి మూడు తరాలయింది గానీ, పార్వతీపురంలో జిల్లా మైలురాళ్ల పర్యవేక్షణ కార్యాలయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోతుంది? రాళ్లు పోలేదు కదా! జిల్లాలో పాత మైలురాళ్లు పదకొండు వందల నలభై రెండున్నాయి. వాటిలో ఏది నిలబడింది, ఏది ఒరిగింది, దేనిమీద ఎవరు పిడకలు కొట్టారు అన్నది ఏటా రాసి పైకి పంపాలి. పైవాళ్లు దాన్ని ఇంకా పైకి పంపుతారు. ఆ పైన ఏమవుతుందో అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఆ రాతంతా టైపు కొట్టేవాడు గేదెల అప్పలసూరి. పన్నెండేళ్లుగా కొడుతున్నాడు. ఆఫీసు కంప్యూటరు ఎప్పుడో కన్నుమూసింది కాబట్టి, పాత టైపు మిషను మీదే కొడుతున్నాడు. అవుట్‌సోర్సింగు మనిషి. హాజరు పట్టీలో అటెండరు పేరుంది, బదిలీ అయిపోయిన ఇద్దరు గుమస్తాల పేర్లున్నాయి, అప్పలసూరి పేరు లేదు. ఆఫీసులో ఆపరేటరు పోస్టు ఒకటుంది. పన్నెండేళ్లుగా అది ఖాళీ. ఆ ఖాళీలో కూర్చుని పని చేసేది అప్పలసూరే గానీ, మనిషి కూర్చున్నంత మాత్రాన ఖాళీ నిండదని సూపరింటెండెంటు పప్పల వైకుంఠరావుగారు అతనికి చాలాసార్లు ఓపిగ్గా వివరించారు.

అలాంటి ఆఫీసుకి ఆగస్టులో ఒక సర్క్యులరు వచ్చింది. కొత్తగా వచ్చిన కమిషనరుగారు ఎక్కడో అయిదు రోజుల శిక్షణకు వెళ్లి, లినక్స్ మీద మనసు పారేసుకుని వచ్చారు. లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు. ఉచితంగా దొరుకుతుంది, పాత యంత్రాల మీద కూడా చక్కగా నడుస్తుంది. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఇక సర్క్యులరు చూడండి:

“శాఖలోని సమస్త కార్యాలయములు మార్చి ముప్పదియొకటవ తేదీలోగా లినక్స్‌మయము కావలెను. నూతన యంత్రముల కొనుగోలు నిషేధించడమైనది. ఇతర శాఖలలో వాడి పక్కనబెట్టిన ల్యాప్‌టాపులను తెప్పించుకొనవలెను. అట్లు వచ్చిన ల్యాప్‌టాపులను అన్ని విధములా డెప్యుటేషనుపై వచ్చిన సిబ్బందితో సమానముగా పరిగణించవలెను.”

ఆ చివరి వాక్యం ఎవరు రాశారో, మధ్యాహ్నం భోజనమయ్యాక ఏ కునికిపాట్లలో రాశారో తెలియదు. కొనుగోలు ఫైళ్ల బాధ తప్పించుకోవడానికి రాసి ఉంటారు. రాసినవాళ్లు మర్చిపోయారు. వైకుంఠరావుగారు మాత్రం ఎర్ర సిరాతో దాని కింద గీత గీసుకున్నారు.

జిల్లా మైలురాళ్ల అధికారి దమయంతి మేడమ్ అప్పలసూరిని గదిలోకి పిలిపించారు.

“నీకు ఈ లినక్స్ వచ్చా?”

“వచ్చు మేడమ్. మా బావమరిది కంప్యూటరు సెంటర్లో నేర్చుకున్నాను.”

“అయితే విను. మార్చి నెలాఖరుకల్లా మన రాళ్ల రిజిస్టరంతా లినక్స్ మీదికి ఎక్కించు. ఆ ఖాళీ పోస్టుకి నీ పేరు రాసి నేనే కమిషనరుగారికి సిఫార్సు పంపుతాను. ఇది నా మాట.”

అప్పలసూరికి ఆ రోజు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటికెళ్లి చెబితే, జాకెట్లు కుడుతున్న భార్య గౌరీశ్వరి మిషను ఆపేసింది.

“పర్మినెంటే! హాజరు పుస్తకంలో సంతకం పెట్టిస్తారేటి?”

“పెట్టిస్తారు.”

“మరి ఆ లినక్సో ఏటో, రేపే ఎక్కించీండి. ఇంకా మార్చి దాకా ఎందుకు?”

నిజమే, లినక్స్ ఎక్కించడానికి రెండు గంటలు చాలు. అప్పలసూరి కూడా అలాగే అనుకున్నాడు.

*

ల్యాప్‌టాపు గోనెసంచిలో వచ్చింది. వేరే శాఖ అటెండరొకడు సైకిలు వెనక కట్టుకుని తెచ్చి, మెట్ల మీద దించాడు. వైకుంఠరావుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“రిలీవింగు ఆర్డరు ఏది?”

“ఏటి బాబూ?”

“ఈ ఉద్యోగిని మీ శాఖ విడుదల చేసినట్టు ఉత్తర్వు.”

“ఉజ్జోగా? ఇది పెట్టి బాబూ.”

“నీ దృష్టిలో పెట్టె. సర్క్యులరు దృష్టిలో సిబ్బంది. విడుదల ఉత్తర్వు లేకుండా లోపలికి రానిస్తే రేపు ఆడిట్లో నా మెడకు చుట్టుకుంటుంది.”

ఉత్తర్వు వచ్చేదాకా ల్యాప్‌టాపు తొమ్మిది రోజులు వరండాలో బల్ల మీద కూర్చుంది. పోస్టింగు కోసం నిరీక్షణలో ఉన్నట్టు వైకుంఠరావుగారు ఫైల్లో రాసుకున్నారు. రెండు రోజులు జల్లు కొట్టింది. అప్పలసూరి తన తుండుగుడ్డ తీసి కప్పాడు.

పదో రోజు లోపలికి తీసుకొచ్చి మీట నొక్కితే తెర వెలిగింది. పాత శాఖలో దాన్ని వాడినాయన పేరు, ‘జె. త్రినాథరావు’ అని పెద్దక్షరాలతో వచ్చి, కింద పాస్‌వర్డు అడిగింది. వైకుంఠరావుగారి మొహం వికసించింది.

“పేరు కూడా తనే చెబుతున్నాడు. ఎంత వినయం!”

“సార్, అది ఇంతకుముందు వాడినాయన పేరు...”

“ఉద్యోగి పేరు ఉద్యోగి చెప్పాలి గానీ, నువ్వు కాదు.”

వెంటనే కొత్త సర్వీసు రిజిస్టరు తెరిచారు. పేరు: జె. త్రినాథరావు. తండ్రి పేరు: తెలియరాలేదు. పుట్టుమచ్చలు: మూత మీద ఎడమవైపు సొట్ట, మీటల వరసలో ఒక పన్ను లేదు. ఎత్తు దర్జీ టేపుతో కొలిచి రాశారు. మూత తెరిచి కొలవాలా, మూసి కొలవాలా అన్న దగ్గర కొంచెం తటపటాయించి, నిలబడ్డ మనిషినే కొలుస్తాం కాబట్టి తెరిచే కొలిచారు. సర్వీసులో చేరిన తేదీ గడి ఖాళీగా వదిలారు. ఎన్ని ఉత్తరాలు రాసినా పాత శాఖ ఆ తేదీ చెప్పలేదు.

అప్పలసూరి లినక్స్ ఉన్న పెన్‌డ్రైవు తగిలించాడు. యంత్రం దాన్ని చూడనట్టే ఊరుకుంది. లోపల ఇంకో తాళం ఉంది. యంత్రం లేవగానే తన డిస్కును కాక పెన్‌డ్రైవును ముందు చదివించాలంటే ఆ తాళానికి వేరే పాస్‌వర్డు కావాలి. అప్పలసూరి ఎలాగో అసలు త్రినాథరావుగారి నంబరు సంపాదించి ఫోను చేశాడు. ఆయన రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్నాడు. పకపకా నవ్వి, “మా మనవరాలి పేరే బాబూ, మౌక్తిక” అన్నాడు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

అయిపోయిందా? “నోటిమాట చెల్లదు” అన్నారు వైకుంఠరావుగారు. “పాస్‌వర్డు సరైన మార్గంలో రావాలి. మేడమ్ నుంచి మన కమిషనరుకు, మన కమిషనరు నుంచి వాళ్ల కమిషనరుకు, వాళ్ల నుంచి ఆ శాఖకు, ఆ శాఖ నుంచి రిటైరైన వ్యక్తికి. మళ్లీ అదే దారిలో వెనక్కి.”

ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఇరవై నాలుగు రోజులూ అప్పలసూరి ఆ పాప పేరు కడుపులో పెట్టుకుని, కక్కలేక మింగలేక తిరిగాడు. చివరకు లక్క ముద్ర వేసిన కవరు వచ్చింది. పైన ‘అతి రహస్యం’ అని రాసి ఉంది. లోపల ‘మౌక్తిక’ అని ఉంది. తాళం తెరుచుకుంది, పెన్‌డ్రైవు మేలుకుంది, లినక్స్ పలకరించింది.

ఎక్కించే ముందు అది అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది: డిస్కులో ఉన్నదంతా చెరిపేయనా? అప్పలసూరి ‘సరే’ నొక్కబోతుంటే వైకుంఠరావుగారు చెయ్యి పట్టుకున్నారు.

“ఏం చెరుపుతున్నావు?”

“పాత సరుకు సార్. లోపలున్నదంతా తుడిచేస్తేనే కొత్తది ఎక్కుద్ది.”

“అంటే ఒక ఉద్యోగి జ్ఞాపకశక్తిని సమూలంగా తుడిచేస్తావా? అబ్బాయ్, సర్వీసు రూల్సులో ఇంక్రిమెంటు కోయడమే పెద్ద శిక్ష. ఇది అంతకంటే పెద్ద శిక్ష. విచారణ లేకుండా పెద్ద శిక్ష వెయ్యడానికి మనకెవరికీ అధికారం లేదు.”

దమయంతి మేడమ్‌కి నవ్వొచ్చింది. కానీ ఆవిడకి ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. నవ్వు మింగి, విచారణకు తేదీ వేశారు.

*

విచారణాధికారి మేడమ్. అభియోగాలు చదివేది వైకుంఠరావుగారు. ముద్దాయి తరఫున మాట్లాడడానికి అప్పలసూరిని వేశారు, వేరే మనిషి లేడు గనక. ల్యాప్‌టాపును కుర్చీలో కూర్చోబెట్టారు. వైకుంఠరావుగారు గొంతు సవరించుకున్నారు.

“అభియోగము ఒకటి. సదరు త్రినాథరావు, పెన్‌డ్రైవు ద్వారా జారీ అయిన ఆదేశమును ఇరవై నాలుగు దినములు ధిక్కరించెను. రెండు. కారణమేమని ప్రశ్నించగా నల్లమొహం పెట్టుకుని మౌనము వహించెను. మూడు. పై అధికారుల సమక్షమున వేడెక్కి, గట్టిగా రొద చేసెను.”

మేడమ్ ల్యాప్‌టాపు వైపు చూశారు. “నేరం ఒప్పుకుంటారా?”

లోపల ఫ్యాను గిర్రున తిరిగింది.

“ఒప్పుకుంటున్నారు మేడమ్” అన్నాడు అప్పలసూరి, ఎప్పుడు ఈ తంతు ముగుస్తుందా అని.

“తొందరపడకు” అన్నారు వైకుంఠరావుగారు కోపంగా. “నువ్వసలు అతని పక్షమా, మా పక్షమా? ఆయన్ని ఆలోచించుకోనియ్.”

ఆలోచించుకోవడానికి పదిహేను నిమిషాలిచ్చారు. ఆ తర్వాత ముద్దాయి ఏమీ చెప్పలేదని రాసుకుని, పూర్తి జ్ఞాపకశక్తి తొలగింపు శిక్ష ఖరారు చేశారు. మేడమ్ సంతకం పెట్టాక అప్పలసూరి ‘సరే’ నొక్కాడు. నలభై నిమిషాల్లో లినక్స్ ఎక్కేసింది. అప్పటికి డిసెంబరు వచ్చింది.

కొత్తగా ఎక్కాక వాడేవాడి పేరు ఇమ్మని అడిగితే, అప్పలసూరి తన పేరు కొట్టబోయాడు. వైకుంఠరావుగారు ఊరుకుంటారా? శిక్ష పడినంత మాత్రాన మనిషి పేరు మారదన్నారు. ‘త్రినాథరావు’ అనే కొట్టించారు.

*

అంతా బాగుంది గానీ, కరెంటు తీసి పెట్టినప్పుడల్లా యంత్రం గడియారం వెనక్కి పోయి, 2009 జనవరి 1 అంటోంది. తేదీ తప్పయితే నెట్టులో సైట్లేవీ తెరుచుకోవు, పదిహేనేళ్ల నాటి మనిషిని గుమ్మంలోకి రానివ్వం అన్నట్టు మొహం మీద తలుపేస్తాయి. అప్పలసూరికి జబ్బు ఇట్టే తెలిసింది.

“లోపల బొత్తామంత సెల్లొకటి ఉంటాది సార్. అది అయిపోయింది. వాచీల కొట్లో దొరుకుద్ది. సెల్లు మార్చి, తేదీ దిద్దీస్తే...”

“ఏం దిద్దుతావు?”

“తేదీ సార్.”

వైకుంఠరావుగారు లేచి నిలబడ్డారు. బీరువా తీసి సర్వీసు రిజిస్టరు బయటకు లాగారు. సర్వీసులో చేరిన తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆ గడి మీద వేలు పెట్టి, తెర వైపు చూసి, ఆయన మెల్లగా, భక్తిగా తల పంకించారు.

“మూడు నెలలుగా వాళ్ల శాఖ చెప్పనిది, ఉద్యోగి తనంతట తాను చెబుతున్నాడు. రోజూ చెబుతున్నాడు. ఒక్క రోజు మాట మార్చలేదు.”

ఒకటి, ఒకటి, రెండువేల తొమ్మిది అని ఎర్ర సిరాతో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు.

“ఇక దీన్ని బ్రహ్మదేవుడొచ్చినా దిద్దలేడు. సర్వీసు తేదీ దిద్దడం క్రిమినలు నేరం, తెలుసా?”

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే మనిషితో ఏం వాదిస్తాం? అప్పలసూరి ఒక ఉపాయం పట్టాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తేదీ చేత్తో సరిచేసేవాడు. వైఫై పట్టకపోతే తన సెల్‌ఫోనును వైరుతో కలిపి నెట్టు ఇచ్చేవాడు. సాయంత్రం వెళ్లేముందు తేదీని తిరిగి వెనక్కి తిప్పేవాడు. అలా దొంగచాటుగా, ఒరిగిన రాళ్లూ నిలబడ్డ రాళ్లూ కలిపి పదకొండు వందల నలభై రెండింటినీ ఫిబ్రవరి మూడో వారానికి ఎక్కించేశాడు. ఇక కమిషనరుగారి సైటుకు పంపడమే తరువాయి. ఆ పంపడం మాత్రం కమిషనరుగారి సమక్షంలోనే, వీడియో కాన్ఫరెన్సులో, కొబ్బరికాయ కొట్టి జరగాలట.

మేడమ్ మాట తప్పలేదు. సిఫార్సు పంపారు. రూలు ప్రకారం వైకుంఠరావుగారు దానికి ఆఫీసులో ఉన్న సర్వీసు రిజిస్టర్ల నకళ్లూ, ఎవరి పేర ఎన్ని నమోదులయ్యాయో ఆ లెక్కా జత చేశారు. మార్చి మొదట్లో జవాబొచ్చింది. అప్పలసూరిని ఎదురుగా నిలబెట్టి చదవడం ఆవిడ వల్ల కాలేదు. వైకుంఠరావుగారే అందుకుని చదివారు:

“మీ కార్యాలయమున ఆపరేటరు పోస్టుకు అర్హులను పరిశీలించడమైనది. సర్వీసు రిజిస్టరు కలిగి, 2009 నుండి సేవలందించుచు, 1142 నమోదులు తన పేర స్వయముగా పూర్తి చేసిన శ్రీ జె. త్రినాథరావు సీనియరు అయినందున, వారిని సదరు పోస్టునందు శాశ్వతముగా విలీనము చేయడమైనది. శ్రీ గేదెల అప్పలసూరి అను వ్యక్తి ఏ రిజిస్టరునందునూ కానరాలేదు. పోస్టు భర్తీ అయినందున అవుట్‌సోర్సింగు సేవలు మార్చి ముప్పదియొకటితో నిలిపివేయవలెను.”

అప్పలసూరికి కోపం రాలేదు ముందు, సిగ్గు వచ్చింది. తను తుండుగుడ్డ కప్పిన పెట్టె, తను తాళం తీసిన పెట్టె, తన వేళ్లతో ఒక్కో రాయీ ఎక్కించుకున్న పెట్టె, తన కుర్చీలో కూర్చుంది. కోపం తర్వాత వచ్చింది. అది ఇంటికెళ్లినా తగ్గలేదు.

“పెట్టికి ఉజ్జోగమేటి?” అంది గౌరీశ్వరి, ఎంత చెప్పినా అర్థం కాక. “దానికి పెళ్లాం ఉన్నాదా, పిల్లలున్నారా? సొమ్మొకడిది సోకొకడిదని, కొట్టింది మీరు, పేరు దానిదా?”

“రిజిస్టర్లో దాని పేరుంది. నా పేరు లేదు.”

“అయితే ఆ రిజిస్టరుకే వండి పెట్టమనండి” అని ఆమె పళ్లెం విసురుగా ముందుకు తోసింది. ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకోవడం అప్పలసూరి చూశాడు.

*

మార్చి ఇరవయ్యో తారీకున వీడియో కాన్ఫరెన్సు. ల్యాప్‌టాపుకు బంతిపూల దండ వేశారు. తెర మీద కమిషనరుగారు ప్రత్యక్షమయ్యారు. “నేడు మనము ఒక నూతన యుగపు...” అన్నారో లేదో, తెర నల్లబడింది. మీట నొక్కితే మూడుసార్లు కీచుమని ఊరుకుంది. మళ్లీ నొక్కితే అదే కీచు.

అప్పలసూరికి ఆ కీచు అర్థం తెలుసు. లోపల ర్యాము అనే చిన్న బద్ద కదిలి ఉంటుంది. దాన్ని ఊడదీసి, బంగారు అంచు మీద పెన్సిలు రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది, మళ్లీ నొక్కి పెడితే లేచి కూర్చుంటుంది. ఎంత కోపమున్నా పనివాడి చెయ్యి ఊరుకోదు. స్క్రూడ్రైవరు పట్టుకుని ముందుకొచ్చాడు.

“సార్, ర్యాము కదిలింది. అయిదు నిమిషాలు...”

“ఆగు!” అన్నారు వైకుంఠరావుగారు. “నువ్వు అవుట్‌సోర్సింగు. ఆయన పర్మినెంటు. పర్మినెంటు ఉద్యోగిని కోసి చూడడానికి నువ్వెవరు? పరీక్షించడానికి నిపుణుల మండలి రావాలి.”

మూడో రోజు మండలి వచ్చింది. ముగ్గురు సభ్యులు. ఒకాయన రాళ్ల ఇంజనీరు, ఒకాయన రాళ్లకు సున్నం వేయించే పర్యవేక్షకుడు, మూడో ఆయన ఇటువైపు పనుండి వచ్చి జీపులో ఎక్కినవాడు. ఇంజనీరు మీట నొక్కాడు. సున్నం ఆయన వీపు మీద చెయ్యి పెట్టి, “చల్లబడిపోయింది” అన్నాడు. మూడో ఆయన టోపీ తీశాడు. మరణ సమయం పదకొండు గంటల నలభై నిమిషాలు అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆఫీసులో రెండు నిమిషాలు మౌనం పాటించి, సంతాపసూచకంగా మధ్యాహ్నం నుంచి సెలవిచ్చారు.

వేళ కాని వేళ ఇంటికొచ్చిన మొగుణ్ని చూసి గౌరీశ్వరి కంగారు పడింది.

“ఏటయ్యింది? అప్పుడే తీసీసినారేటి?”

“లేదు. త్రినాథరావు పోయాడు.”

“ఓలమ్మో! ఎలగ?”

“డ్యూటీలో ఉండగా.”

గౌరీశ్వరి చేతిలో గుడ్డముక్క అలాగే పట్టుకుని ఆలోచనలో పడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“మా మాఁవయ్య డూటీలో పోతే మా బావకి బస్సు డిపోలో ఉజ్జోగం ఇచ్చినారు గదా. మరి ఈ త్రినాథరావుకి ఎవులున్నారు?”

అప్పలసూరి భార్య వంక చూశాడు. గౌరీశ్వరి అప్పలసూరి వంక చూసింది.

ఆ రాత్రి అతనికి మనసు పీకింది. అది చచ్చిపోలేదని లోకంలో తనొక్కడికే తెలుసు. చెబితే త్రినాథరావు లేచి కూర్చుంటాడు, తను పెళ్లాం బిడ్డలతో రోడ్డున పడతాడు. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. కానీ తను చెప్పబోతే నోరు నొక్కింది ఎవరు? మూడు సంతకాలు పెట్టింది ఎవరు? ఇలా ఎంత సర్దిచెప్పుకున్నా మనసు కుదుటపడలేదు. అయినా పొద్దున్నే దరఖాస్తు రాశాడు.

వైకుంఠరావుగారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు.

“కారుణ్య నియామకమా? నువ్వు కీర్తిశేషులు త్రినాథరావుకు ఏమవుతావు?”

“ఆయన మీద ఆధారపడి బతుకుతున్నవాణ్ని సార్. ఆయన పనిచేస్తేనే నాకు పని. ఆయన పోయాక నాకు తిండి లేదు. మీకు తెలీనిదేటుంది?”

కొట్టేస్తారనుకున్నాడు. తిడతారనుకున్నాడు. కానీ వైకుంఠరావుగారు దుర్మార్గుడు కాదు, రూలు ఎటు తీసుకెళితే అటు నడిచే మనిషి. రెండు రోజులు రూల్సు పుస్తకాలన్నీ తిరగేసి, దరఖాస్తు పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లారు.

“మనిషి యంత్రానికి బంధువెలా అవుతాడండీ?” అన్నారు మేడమ్.

“మేడమ్, ‘అన్ని విధములా’ సిబ్బందితో సమానమన్నారు. చేర్చుకోవడం ఒక విధం. శిక్షించడం ఒక విధం. పర్మినెంటు చెయ్యడం ఒక విధం. ఇవన్నీ చేసి, తీరా చచ్చిపోయాక ఆయన మనవాడు కాదంటే ధర్మమేనా?”

మేడమ్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయానన్న బాధ ఆవిడకు ఆ నెలంతా ఉంది. “రూలు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?” అని, తల తిప్పకుండానే కలం అందుకున్నారు.

ఆధారపడినట్టు రుజువు కోసం విచారణ జరిగింది. అటెండరు వాంగ్మూలమిచ్చాడు: “వానకి తడిసిపోతన్నాడని ఒంటి మీద గుడ్డ తీసి కప్పినాడు బాబూ. కడుపున పుట్టినోడైనా అలగ సెయ్యడు.” ఇంకెవరైనా వారసులున్నారేమోనని నోటీసు బోర్డు మీద వారం రోజులు అతికించారు. ఎవరూ రాలేదు. విచారణ ముగిసేదాకా ఆధారపడినవాణ్ని తొలగించరాదని రూలుంది గనక, మార్చి ముప్పయ్యొకటి అతని నెత్తి మీదుగా మెత్తగా వెళ్లిపోయింది.

ఏప్రిల్ పదిహేడున ఉత్తర్వు వచ్చింది. “విధి నిర్వహణలో అసువులు బాసిన కీ.శే. జె. త్రినాథరావుపై ఆధారపడిన శ్రీ గేదెల అప్పలసూరిని, కుటుంబము యొక్క దయనీయ స్థితి దృష్ట్యా, ఆపరేటరుగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది.”

అప్పలసూరి దాన్ని వరండాలో నిలబడి చదువుకున్నాడు. పన్నెండేళ్లు ఎండకీ వానకీ వచ్చి రాళ్లు రాసిన మనిషిగా తను ఎవరికీ కనపడలేదు. చచ్చిన పెట్టెకు దిక్కులేని బంధువుగా మాత్రం కమిషనరు దాకా అందరికీ కనపడ్డాడు. అతనికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. అది చూసి అటెండరు, “ఊరుకో బాబూ, పోయినోళ్లు తిరిగొత్తారేటి” అని భుజం తట్టాడు.

*

భౌతికకాయాన్ని వారసుడికి అప్పగించారు. రసీదు తీసుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్పలసూరి ల్యాప్‌టాపును చాప మీద పెట్టి, అడుగు మూత విప్పాడు. కూతురి పెన్సిలు రబ్బరుతో ర్యాము అంచును నాలుగుసార్లు రుద్దాడు. నొక్కి పెట్టాడు. బజార్లో కొన్న కొత్త సెల్లు వేశాడు. మీట నొక్కగానే ఫ్యాను గిర్రుమంది, తెర వెలిగింది. తేదీ ఒక్కసారి దిద్దితే, ఈసారి వెనక్కి పోకుండా నిలిచింది. రాళ్ల రిజిస్టరు చెక్కుచెదరకుండా ఉంది.

“బతికీసినాడు!” అంది గౌరీశ్వరి సంతోషంగా. మరుక్షణం మొహం మాడిపోయింది. “బతికితే మీ ఉజ్జోగం?”

ఆ మాట నోట్లో ఉండగానే వీధి తలుపు తీసుకుని వైకుంఠరావుగారు లోపలికి వచ్చేశారు. మూత వెయ్యడానికి కూడా వ్యవధి లేదు. చంకలో ఫైలుంది, మొహాన చెమటలున్నాయి.

“అప్పలసూరీ, కొంప మునిగింది. రాళ్ల రిజిస్టరు రేపు పదింటికల్లా పంపకపోతే నా మీద చార్జిమెమో అట. ఎక్కడైనా ఒక కాపీ...” అంటూ ఆగిపోయారు. తెర మీద ఆయన సర్వీసు రిజిస్టర్లో తన చేత్తో రాసిన పేరు మిలమిలా మెరుస్తోంది.

పన్నెండేళ్ల కష్టం ఆ తెర మీద వెలుగుతూ ఉంది. గౌరీశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

వైకుంఠరావుగారు చాలాసేపు చూశారు. తర్వాత చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు.

“మండలి సంతకాలు చేసింది. మరణం ఖాయమైంది. ఒకసారి ఖాయమైన మరణాన్ని రద్దు చేసే రూలు నాకు తెలిసి ఎక్కడా లేదు” అన్నారు నెమ్మదిగా. “కాబట్టి నాకిక్కడ కనిపిస్తున్నది త్రినాథరావు కాదు. ఆయన ఆత్మ అయి ఉండాలి. ఆత్మలకు సర్వీసు రూల్సు వర్తించవు. రిజిస్టరు పంపమను.”

అప్పలసూరి పంపాడు. సంతకాలు, అంగీకారాలు, తాళాలు, కవర్లు ఏమీ లేకుండా పదకొండు వందల నలభై రెండు రాళ్లూ ఒక్క నిమిషంలో కమిషనరుగారి సైటుకు చేరిపోయాయి. గౌరీశ్వరి టీ ఇచ్చింది. వైకుంఠరావుగారు తృప్తిగా తాగి, లేచి, చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగారు.

“ఒక్క జాగ్రత్త. ఇది పనిచేస్తోందని బయట పొక్కిందంటే నీ ఉద్యోగం ఊడుతుంది. ఎంత పనిచేసినా సరే, పనిచెయ్యనట్టే కనపడాలి. పర్మినెంటు అయ్యావు కదా, మెల్లగా నువ్వూ నేర్చుకో.”